గడ వేరు, జోలె వేరు

బల్లార్షా నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. తన పేరునూ, బస్తీ పేరునూ, కులం పేరునూ ఆయన దాచుకోలేదు గానీ, ఉత్తరం నిండా పిల్లల సంగతులున్నాయి కాబట్టి వాటిని ఇక్కడ వేయడం లేదు. కులం పేరు వేయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తెలుగువాళ్ళం ఆ పేరును తిట్టుగా వాడి వాడి, అచ్చులో కనబడితే ముందు తిట్టే గుర్తుకు వచ్చే స్థితికి తెచ్చాం. ఊరూరా గడ పాతి, మోకు బిగించి, డోలు దెబ్బకు ఆడిన కులమని చెబితే పాఠకులకు చాలు.

ఆయనకు 34 ఏళ్ళు. తాతగారి కాలంలో ఆసిఫాబాద్ వైపు నుంచి వార్ధా నది దాటి వచ్చిన కుటుంబం. తండ్రి నడివయసులో గడ మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆ రోజుతో ఇంట్లో ఆట ఆగిపోయింది. కొడుకును మాత్రం పన్నెండో తరగతి దాకా చదివించారు. ఆ కొడుకు ఇప్పుడు బొగ్గు లారీలు తూచే కాంటా దగ్గర కాంట్రాక్టు పని చేస్తూ, రెండేళ్ళుగా సాయంత్రాలూ ఆదివారాలూ రైలు పట్టాల పక్కనున్న బస్తీలో, వినాయక చవితికి మండపం వేసే రేకుల షెడ్డులో, 17 మంది పిల్లలకు ఆటలు నేర్పుతున్నారు. బంతులు ఎగరేయడం, మొగ్గలు వేయడం, కర్రకాళ్ళ మీద నడవడం, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడడం, మోకు మీద నడక. పిల్లల్లో స్టేషన్లో ఖాళీ సీసాలు ఏరుకునేవాళ్ళున్నారు, మత్తు కోసం పంక్చర్ల సొల్యూషన్ పీల్చేవాళ్ళున్నారు, తాగివచ్చి కొట్టే తండ్రులకు దొరక్కుండా రాత్రి పొద్దుపోయేదాకా బయటే తిరిగేవాళ్ళున్నారు. ఎవరిని పడితే వాళ్ళను కొట్టే ఒక పిల్లవాడు ఇప్పుడు చిన్నవాళ్ళు మోకెక్కితే పక్కన చెయ్యందిస్తూ నడుస్తున్నాడట. ఇద్దరు తిరిగి బడికి వెళ్తున్నారట. వాళ్ళంతా ఈయనను దాదా, అంటే అన్నా అని పిలుస్తారు.

చిక్కులు ఒకదానితో ఒకటి మెలిపడి ఉన్నాయి. తండ్రి నాలుగు నెలలుగా కొడుకుతో మాట్లాడడం లేదు. "ఆ గడను దించడానికి నా తుంటి ఇచ్చుకున్న. నువ్వు దాన్ని మళ్ళ ఎత్తుతున్నవు" అన్నదే ఆయన ఆఖరి మాట. ఇంతలో నాగపూర్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ ఏడాది పాటు నెలకు 12,000 రూపాయలు, కింద వేసుకోవడానికి పరుపులు ఇస్తామంది. అందుకు బదులుగా తమ వార్షికోత్సవంలో దాతల ముందు పిల్లలు ఐదు వరుసల పిరమిడ్ కట్టాలనీ, ఒక్కొక్కరూ మైకు పట్టుకుని తమ కథ చెప్పాలనీ అడిగింది. పిల్లలందరిలో నేర్పు ఎక్కువున్న ఒక అమ్మాయికి 15 ఏళ్ళు. పెళ్ళిళ్ళలో ఈవెంట్లు చేసేవాళ్ళు ఆమెకు రాత్రికి 1,500 రూపాయలు ఇస్తామన్నారు. భర్త చనిపోయి కూరగాయలమ్ముకుంటున్న తల్లి, పంపకపోతే వచ్చే వేసవిలో పెళ్ళి చేసేస్తానంటోంది. వీటి మధ్య మే నెలలో ఒక పిల్లవాడు మోకు మీద నుంచి పడితే మణికట్టు విరిగింది. ఖర్చు ఈయనే పెట్టుకున్నారు, సంస్థకు చెప్పలేదు. ఉత్తరం చివర ఇలా అడిగారు: "నేను పిల్లలకు మంచి చేస్తున్ననా, లేక మా నాయిన దించిన బరువును వేరేవాళ్ళ పిల్లల నెత్తి మీద పెడుతున్ననా? ఆపెయ్యాల్నా, ఒప్పుకోవాల్నా?"

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. ఆపేయడమా, ఒప్పుకోవడమా అని మీరు రెండే దారులు చూపించారు గానీ, ఆ ప్రశ్నలో ఒక పొరపాటు కలగలిసి ఉంది. సంస్థ షరతులను ఒప్పుకోవడమూ, పిల్లలకు ఆట నేర్పడమూ ఒకే పని అనుకుంటున్నారు. మీ నాన్నగారు కూడా అలాగే అనుకుంటున్నారు. ముందు ఈ ముడిని విప్పాలి.

నా చిన్నతనంలో కోతలయ్యాక మా ఊళ్ళో కూడా గడ పాతేవారు. ఎనిమిదేళ్ళకు మించని ఒక పిల్ల దాని చివర పొట్ట ఆనించి, కాళ్ళూ చేతులూ గాలిలోకి చాచి గిర్రున తిరిగేది. ఆ పిల్ల పైన ఉన్నంతసేపూ ఊరంతా నోళ్ళు తెరుచుకుని చూసేది. ఆట అయిపోయాక అదే పిల్ల పళ్ళెం పట్టుకుని అరుగుల ముందుకు వస్తే, దూరంగా నిలబడమనేవారు. ఈ రెంటికీ మధ్య పట్టిన వ్యవధి పావుగంట కూడా ఉండదు. మీ నాన్నగారి కోపం ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు గానీ, ఆయన కుటుంబాన్ని అవమానించినది గడ కాదనీ, గడ దిగాక చాచవలసి వచ్చిన జోలె అనీ అనుకుంటున్నాను. పైన ఉన్నది విద్య. కింద ఉన్నది ఆకలి, దానితో పాటు ఊరి చిన్నచూపు. ఇన్ని తరాలు రెండూ కలిసే వచ్చాయి కాబట్టి, ఒకదాన్ని వదిలించుకోవాలంటే రెండోదాన్ని కూడా వదిలేయాలని ఆయన నిశ్చయించుకున్నారు. ఆయన కాలంలో మరో దారి ఆయనకు ఎవరూ చూపించలేదు.

మీరున్న మహారాష్ట్రలోనే మల్లఖంబం చూడండి. కొయ్య స్తంభానికి ఆముదం పూసి, దాని మీద ఆసనాలు వేస్తారు. పీష్వా రెండవ బాజీరావు కాలంలో బాలంభట్ట దాదా దేవధర్ అనే గురువు దాన్ని మల్లులకు నేర్పారని చెప్పుకుంటారు. ఇప్పుడది ఖేలో ఇండియా యువ క్రీడల్లో ఒక అంశం. మనవాడైన కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టి, సర్కస్ పెట్టి, కలియుగ భీముడనిపించుకున్నారు. శ్రీకాకుళంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది. స్తంభమెక్కినందుకు ఒకరికి పతకం, సర్కస్ పెట్టినందుకు ఒకరికి స్టేడియం, గడ ఎక్కినందుకు మీ వాళ్ళకు తిట్టు. ఒంటితో చేసే సాములో తేడా ఏమంత లేదు. తేడా అంతా ఎవరు చేశారన్న దాంట్లో, చేశాక ఎవరి ముందు చెయ్యి చాచవలసి వచ్చిందన్న దాంట్లో ఉంది. ఇది మీకు కొత్త సంగతి కాదని తెలుసు. అయినా మీ ఉత్తరంలో ప్రతి పేజీలోనూ మీరు సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు రాశారు కాబట్టి చెప్పవలసి వచ్చింది.

అయితే మీ నాన్నగారి భయం ఉత్త భయం కాదు. మన దేశంలో సర్కస్‌కూ పిల్లలకూ ఉన్న సంబంధం చాలా కాలం చేదుగానే సాగింది. విష్ణుపంత్ ఛత్రే అనే మరాఠీ ఆయన 1880లో బొంబాయిలో తొలి భారతీయ సర్కస్ ఆడించిన నాటి నుంచి గుడారాలకు చిన్న ఒళ్ళు కావలసి వచ్చాయి. చిన్న ఒళ్ళు పేద ఇళ్ళలోనే దొరుకుతాయి. నేపాల్ నుంచి కూడా పిల్లలను మోసపుచ్చి తెచ్చి మన సర్కసుల్లో పెట్టారు. చివరకు 2011 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, పిల్లలను సర్కసుల్లో పనికి పెట్టడాన్ని నిషేధిస్తూ ప్రకటన జారీ చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, సినిమాల్లో, టీవీలో, క్రీడల్లో పనిచేసే బాల కళాకారులకు కొంత మినహాయింపు ఇస్తూ, "సర్కస్ తప్ప" అని ప్రత్యేకంగా రాశారు. అన్ని రకాల వినోదాల్లో ఒక్క సర్కస్‌నే పేరు పెట్టి బయట ఉంచారంటే అనుభవం ఎంత చేదుగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కానీ ఈ కథకు రెండో సగం కూడా ఉంది. నేపాల్ నుంచి వచ్చి సర్కసుల్లో చిక్కుకుని, విముక్తులై తిరిగి వెళ్ళిన యువతీయువకులు కొందరు, పెద్దవాళ్ళయ్యాక సర్కస్ కాఠ్మండూ అనే బృందంగా ఏర్పడ్డారు. తమను బంధించిన విద్యనే తమ సొంత విద్యగా చేసుకున్నారన్నమాట. కాంబోడియాలోని బట్టంబాంగ్‌లో, శరణార్థి శిబిరం నుంచి తిరిగొచ్చిన యువకులు 1994లో ఫార్ పోన్లు సెల్‌పాక్ అనే కళల బడి పెట్టారు. ముందు బొమ్మలు వేయించారు, తరువాత కొన్నేళ్ళకు సర్కస్ కలిపారు, మామూలు చదువు కూడా పక్కనే ఉంచారు. అక్కడ నేర్చుకుని పెద్దయిన కళాకారులు టికెట్ పెట్టి ఆడతారు, జీతం తీసుకుంటారు. అంటే నేర్చుకునే వయసు వేరు, ఆడి సంపాదించే వయసు వేరు. కెనడాలోని సర్క్ దు సొలేయ్ అనే సర్కస్ సంస్థ 1995లో సర్క్ దు మోండ్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, వీధి పిల్లలతో, చిక్కుల్లో పడిన యువతతో పనిచేసే స్థానిక సంస్థలతో చేతులు కలిపింది. ఇలాంటి పనిని ఇప్పుడు సోషల్ సర్కస్ అంటున్నారు. అక్కడ ఆట నేర్పే గురువు ఒక్కడే ఉండడు. పక్కనే ఆ పిల్లల ఇళ్ళూ వాకిళ్ళూ తెలిసిన ఒక సామాజిక కార్యకర్త కూడా ఉంటారు. ఒకరు మొగ్గ చూస్తారు, ఒకరు మొహం చూస్తారు. మీ దగ్గర లేనిది ఆ రెండో మనిషే. దాని సంగతి కిందకు వస్తాను.

బంతులు ఎగరేయడం పిల్లలను ఎలా మారుస్తుందో మీరు కళ్ళారా చూశారు కాబట్టి నేను చెప్పనవసరం లేదు గానీ, ఎందుకు మారుస్తుందో తెలిస్తే ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో తేల్చుకోవడం సులువవుతుంది. మూడు బంతులు ఎగరేసేవాడు రోజుకు రెండు వందల సార్లు కింద పడేసుకుంటాడు, అందరి ముందే పడేసుకుంటాడు, అయినా ఎవరూ కొట్టరు. తప్పు చేస్తే దెబ్బ పడుతుందని మాత్రమే తెలిసిన పిల్లవాడికి ఇది పూర్తిగా కొత్త లోకం. ఇంకొకరి భుజాల మీద నిలబడాలంటే కింద ఉన్నవాణ్ని నమ్మాలి, కింద ఉన్నవాడు కదలకుండా ఉండాలి, పక్కన పట్టుకునేవాడు కళ్ళు తిప్పకూడదు. మీ చెయ్యిజోరు పిల్లవాడు మారింది అక్కడే. వాడి బలానికి మొదటిసారి ఒక మర్యాద గల ఉద్యోగం దొరికింది. పరీక్షలో ఫెయిలైన పిల్లకు ఇంకెవరికీ రాని ఒక పని తనకు వచ్చని తెలియడం చిన్న విషయం కాదు. వీటిలో దేనికీ ప్రేక్షకులు అవసరం లేదని గమనించండి. ప్రేక్షకులుంటే సంతోషమే, వాళ్ళ అమ్మానాన్నలు వచ్చి చప్పట్లు కొడితే మరీ మంచిది. కానీ పిల్లలను నిలబెడుతున్నది సాధన, చప్పట్లు కావు.

ఇప్పుడు నాగపూర్ సంస్థ సంగతి. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనుకోవడం లేదు. డబ్బిచ్చేవాళ్ళకు ఏదో ఒకటి చూపించాలి కదా. కానీ వాళ్ళు అడిగిన రెండింటిలో మైకు పట్టుకుని కథ చెప్పడమన్నది నాకు పిరమిడ్ కన్నా ప్రమాదకరంగా కనబడుతోంది. "మా నాన్న తాగి కొడతాడు, నేను సొల్యూషన్ పీల్చేదాన్ని" అని ఒక పిల్ల మూడు వందల మంది ముందు చెబుతుంది. వాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, చెక్కు రాస్తారు. అది జోలె కాక మరేమిటి? పూర్వం పళ్ళెం పట్టుకున్న పిల్ల తన ఆటను అమ్మింది, ఈ పిల్ల తన ఇంటి గుట్టును అమ్ముతోంది. పైగా ఆ సభ వీడియో ఎవరి ఫోన్లో తిరుగుతుందో, ఐదేళ్ళ తరువాత పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు ఎవరు బయటికి తీస్తారో చెప్పలేం. చట్టం ఉద్దేశం కూడా మీ పక్షానే ఉంది. 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్, విచారణల్లో ఉన్న, సంరక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టేలా వివరాలు బయటపెట్టడాన్ని నిషేధించి, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయంటుంది. ఈ మాటను బెదిరింపుగా కాకుండా, వాళ్ళను కూడా చిక్కు నుంచి తప్పించే మాటగా చెప్పవచ్చు.

పిరమిడ్ విషయంలో మీ రాష్ట్రానికి, ఒకరిపై ఒకరు ఎక్కి ఉట్టి కొట్టే దహీ హండీ అనుభవం ఉండనే ఉంది. పై నుంచి పడి పిల్లలు దెబ్బలు తిన్నాక వ్యవహారం కోర్టుల దాకా వెళ్ళి, 14 ఏళ్ళ లోపు వాళ్ళను ఎక్కించబోమని 2017లో రాష్ట్ర ప్రభుత్వమే బాంబే హైకోర్టుకు చెప్పింది. మీ దగ్గర 9 ఏళ్ళ వాళ్ళున్నారు. ఐదు వరుసలంటే బరువు తక్కువని వాళ్ళనే పైకి పంపవలసి వస్తుంది. రెండు వరుసలు దాటని ఆటలో నేర్చుకోవలసినదంతా ఉంది. మూడో వరుస నుంచి పైన ఉన్నదంతా చూసేవాళ్ళ కోసమే.

కాబట్టి మీ ముందున్న దారులు నాకు ఇలా కనబడుతున్నాయి. మొదటిది, సంస్థను వద్దనకుండా షరతులను మార్చమని అడగడం. ఎవరి కథా ఎవరూ చెప్పరు, కావాలంటే మీరే మైకు తీసుకుని ఏం నేర్పుతున్నారో చెబుతారు. రెండు వరుసలు దాటరు. ప్రదర్శనకు రానన్న పిల్లకు ఆ కారణంగా ఏ లోటూ జరగదు. నెలనెలా ఇచ్చే డబ్బులో కొంత భాగం మీతో పాటు షెడ్డులో ఉండే ఒక మహిళా కార్యకర్త జీతానికి వెళుతుంది. మణికట్టు విరిగిన సంగతి కూడా ఈ మాటల్లోనే, మీ నోటితోనే చెప్పండి. దాచిపెట్టి తీసుకున్న డబ్బు రేపు ఇంకో ప్రమాదం జరిగినప్పుడు మీ మెడకు చుట్టుకుంటుంది. ఇదంతా విని వాళ్ళు వెనక్కి తగ్గవచ్చు. అప్పుడు 12,000 పోతాయి, పరుపులు పోతాయి. మీ జీతంతో నడుపుకునేవాళ్ళకు అది పెద్ద నష్టమేనని నాకు తెలుసు.

రెండో దారి, దగ్గర్లోని బడి ప్రధానోపాధ్యాయుణ్ని కలిసి దీన్ని మల్లఖంబం తరగతిగా మార్చడం. పిల్లలకు సర్టిఫికెట్లు వస్తాయి, పోటీలకు వెళ్తారు, సర్కస్ అన్న మాటతో వచ్చే చట్టపు అనుమానాలు తగ్గుతాయి, మీ నాన్నగారి చెవికి కూడా ఆ మాట వేరుగా వినబడుతుంది. మీకు దూరం కాని ఛత్తీస్‌గఢ్ నారాయణపూర్ నుంచి అబూజ్‌మాడ్ అడవుల పిల్లలు మల్లఖంబంతో 2023లో టీవీ పోటీ గెలవడం మీ బస్తీలో కూడా చూసే ఉంటారు. కానీ పోటీ అన్న తరువాత గెలిచేవాళ్ళ మీదే కన్ను పడుతుంది. వారానికి రెండు రోజులు మాయమైపోయే స్టేషన్ పిల్లవాణ్ని ఏ జట్టులోనూ ఉంచుకోరు. ఎవరికోసం మొదలుపెట్టారో వాళ్ళే ముందు జారిపోతారు. ఈ దారి పడితే వారంలో ఒక్క రోజైనా పోటీ ఊసు లేని పూటగా ఉంచుకోండి.

మూడోది, ఎవరి సొమ్మూ లేకుండా చిన్నగా సాగించడం. ఎత్తు ఆటలన్నీ మానేసి, బంతులూ మొగ్గలూ నేల మీది జంట సాములూ మాత్రమే ఉంచడం. చూడడానికి ఆర్భాటం ఉండదు, కొందరు పెద్ద పిల్లలకు విసుగు పుడుతుంది. పరుపులు లేనంతకాలం మాత్రం మీరు ఎలాగూ చేయవలసింది ఇదే. ఇక పూర్తిగా ఆపేయడం. మీరు అలసిపోయి ఉంటే అది కూడా న్యాయమైన నిర్ణయమే. అయితే ఈ పిల్లలను మాట చెప్పకుండా వదిలి వెళ్ళినవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఆపదలిస్తే నెల ముందు చెప్పండి, ఎవరు ఏ ఇంటికి, ఏ బడికి, ఏ మనిషికి అప్పగింత అవుతారో చూసి ఆపండి.

ఆ అమ్మాయి విషయంలో నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ఈవెంటా, పెళ్ళా అని తల్లి పెట్టిన బేరంలో మీరు ఏదో ఒకటి ఎంచుకోవలసిన పని లేదు. 15 ఏళ్ళ పిల్లను తెలియని మగవాళ్ళ వ్యానులో రాత్రిళ్ళు ఊరూరా తిప్పి ఆడించడానికి మీరు ఒప్పుకోకూడదు. మీరు నేర్పిన విద్యతోనే ఆమెను తీసుకెళ్తున్నారు కాబట్టి మీ బాధ్యత ఇంకా ఎక్కువ. 18 నిండకుండా పెళ్ళి చేయడం నేరం. అంతేకాదు, చిన్న వయసులో పెళ్ళి ముప్పు దగ్గరపడిన పిల్లను సంరక్షణ అవసరమైన బాలగానే బాల న్యాయ చట్టం లెక్కిస్తుంది. కాబట్టి చంద్రపూర్‌లోని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి గానీ, బాలల సంక్షేమ సమితికి గానీ, పిల్లల సహాయ నంబరు 1098కి గానీ చెప్పవచ్చు. అలా చెబితే పెళ్ళి ఆగుతుంది గానీ, తల్లికి మీ మీద పట్టరాని కోపం వస్తుంది, పిల్లను ఆటకు పంపడం మానవచ్చు. అందుకని ముందు ఒక మెట్టు ఉంది. ఆ తల్లి దుర్మార్గురాలు కాదు, వేసవి దాకా బియ్యం డబ్బాలో ఏముందో లెక్కచూసుకుంటున్న మనిషి. తండ్రి లేని పిల్లల పోషణకు మహారాష్ట్రలో బాల సంగోపన యోజన అని నెలనెలా సాయమిచ్చే పథకం ఉంది. అదే విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. మీ భార్యనో, అంగన్‌వాడీ టీచరునో వెంటబెట్టుకుని వెళ్ళి ముందు ఆ కాగితం పని చేయించి పెట్టండి, తరువాత పెళ్ళి మాట ఎత్తండి. అయినా ఆమె ముహూర్తం పెట్టించేస్తుంటే మాత్రం ఫోన్ చేయడానికి వెనకాడకండి. ఇన్ని మాటల్లో ఆ అమ్మాయికి ఏం కావాలన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆమెను ఎవరైనా అడిగారా?

షెడ్డు లోపలి జాగ్రత్తల్లో మూడు మాత్రం చెప్పి తీరాలి. సొల్యూషన్ పీల్చి వచ్చిన పిల్లవాణ్ని ఆ పూట మోకెక్కించకపోవడం మీకు తెలిసే ఉంటుంది. పరుగెత్తించడం, తరమడం, ఉలిక్కిపడేలా అరవడం కూడా చేయకూడదు. ఆ ఆవిర్లు ఒంట్లో ఉండగా ఒక్కసారిగా శ్రమ పడినా, భయపడినా గుండె లయ తప్పి ప్రాణం మీదకు రావచ్చు. వాణ్ని గాలి తగిలేచోట కూర్చోబెట్టి, పక్కన ఒకరు ఉండి, మెల్లగా మాట్లాడండి. స్పృహ తప్పితే క్షణం ఆలస్యం లేకుండా 108. రెండోది, ఒంటి మీద చెయ్యి వేసే ప్రతిసారీ "పట్టుకోనా?" అని అడిగి, వద్దంటే ఆగిపోవడం. దెబ్బలూ, అంతకన్నా చెడ్డవీ ఎరిగిన పిల్లలకు, వద్దంటే ఎదుటి మనిషి ఆగుతాడని తెలియడమే ఒక చికిత్స. అమ్మాయిలున్నచోట రెండో పెద్దమనిషి, వీలైతే స్త్రీ, ఉండాలని నేను పట్టుబట్టడం అందుకే. ఎవరైనా పిల్ల తనపై జరిగిన అఘాయిత్యం గురించి మీకు చెబితే దాన్ని గుట్టుగా ఉంచే హక్కు పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం మీకు లేదు, పోలీసులకు తెలియజేయవలసిందే. ఆ మాట పిల్లలకు ముందుగానే చెప్పి ఉంచడం మంచిది. మూడోది, ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలకు ముందు ఏదైనా పెట్టి తరువాత ఆడించండి. గుప్పెడు పుట్నాలు, బెల్లమైనా సరే. సాయంత్రం వేళ పట్టు తప్పి పడే పిల్లల్లో చాలామందికి మధ్యాహ్నం తిండి ఉండదు.

ఇక మోకు. మీ ఉత్తరం నాలుగో పేజీలో ఒక్క వాక్యం రాసి దాటేశారు. పిల్లలు నడిచే మోకు, అటక మీద ఉన్న మీ నాన్నగారి మోకేనని, ఆయన నిద్రపోతున్నప్పుడు దించి తెచ్చానని. నాలుగు నెలల మౌనానికి కారణాలు వెతుకుతూ మీరు ఆరు పేజీలు రాశారు, కారణం మాత్రం ఆ వాక్యంలో పెట్టి వదిలేశారని నాకు అనిపిస్తోంది. ఆయన దాచుకున్నదాన్ని అడగకుండా తీసుకెళ్ళారు. పారేయకుండా అన్నేళ్ళు అటక మీద ఎందుకు ఉంచుకున్నారో కూడా మీరు అడగలేదు. ఆట మీద అసహ్యమే ఉన్న మనిషయితే దాన్ని ఏనాడో పొయ్యిలో పెట్టి ఉండేవారు.

ఇందులో జాగ్రత్త విషయం కూడా ఉంది. అన్నేళ్ళు ఎలుకల మధ్య, వేసవి రేకుల వేడిలో పడి ఉన్న మోకు పైకి బాగానే కనబడుతూ లోపల చీకిపోతుంది. మణికట్టు విరిగిన రోజు మోకు జారిందా, సాగిందా, పిల్లవాడే అడుగు తప్పాడా అని మీరు రాయలేదు. దాన్ని ఈ రోజే విప్పేయండి. కొత్తది కొనేదాకా మోకు నడక ఉండదని పిల్లలకు చెప్పండి.

విప్పిన మోకును తిరిగి అటక మీద పెట్టకండి, చెప్పకుండా పెడితే అది రెండో దొంగతనం. ఆయన మంచం దగ్గరకు తీసుకెళ్ళి, అడక్కుండా తీసుకున్నానని ఒప్పుకోండి. ఆ పూట పిల్లల ఊసు, సంస్థ ఊసు, మీరు ఎంత మంచి పని చేస్తున్నారన్న ఊసు ఎత్తవద్దు. ఆయనను షెడ్డుకు రమ్మని, పిల్లలను చూస్తే మనసు కరుగుతుందని ఆశపెట్టుకోవద్దు, అది కూడా ఆయన ముందు ఒక ఆట ఆడించడమే అవుతుంది. తుంటి విరిగిన రోజు ఏం జరిగిందో అడగండి. ముప్పై నాలుగేళ్ళ కొడుకుగా ఆ కథ మీకు పూర్తిగా తెలియదని ఉత్తరం చదివితే అర్థమవుతోంది. ఆయన చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. చెప్పి, మళ్ళీ ఆపేయమనే అనవచ్చు. అప్పుడు ఆపాలా వద్దా అన్నది మీ నిర్ణయమే గానీ, ఆయన మాట విన్నాక తీసుకున్న నిర్ణయం అవుతుంది.

ఒకవేళ ఆయన మోకును చేతిలోకి తీసుకుని, బొటనవేలితో పురి విప్పి, ఇది పనికిరాదు అని అంటే, కొత్తది ఎంత లావుండాలో, ముడి ఎక్కడ పడాలో, గుంజకు ఎంత వాలు ఇవ్వాలో అడిగి రాసుకోండి. ఆ లెక్కలు బల్లార్షాలో ఇంకెవరికీ తెలియవు.